తాళం లేని పెట్టె



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి ఇమ్మని కమిటీ తమ్ముళ్లు ఫోన్ చేశారు. "కష్టాలను ఎదుర్కొని ఆనందంగా ఎలా ఉండాలో పిల్లలకు ఉపయోగపడేలా రాయండి సార్" అన్నారు. సరే అన్నాను గానీ, రెండు ఆదివారాలు పెన్ను పట్టుకొని కూర్చున్నా ఒక్క పేజీ సాగలేదు. మన సంచికల్లో పూర్వ విద్యార్థులం రాసే వ్యాసాలు దాదాపు ఒకేలా ఉంటాయి. నీళ్ల పప్పు తిన్నాం, అన్నంలో పురుగులు ఏరుకున్నాం, కరెంటు పోతే కిరసనాయిలు దీపం ముందు చదివాం, చివరికి ఉద్యోగం సంపాదించాం, మీరూ కష్టపడండి అంటాం. అవన్నీ నిజాలే. నేనూ వేదికల మీద అవే చెప్పాను. చప్పట్లు కొట్టారు. కానీ నాకు ఆనందం అంటే ఏమిటో తెలిసింది ఆ కష్టాల వల్ల కాదు. ఇదే హాస్టల్లో నేను చేసిన ఒక తప్పు వల్ల. దాన్ని ఈ హాస్టల్ పుస్తకంలో ఇంతవరకూ ఎప్పుడూ రాయలేదు. ఈసారి అదే రాస్తున్నాను.

1991 జూన్‌లో నేను ఆరో తరగతిలో ఇక్కడ చేరాను. మాది కనిగిరి వైపు ఒక మెట్ట పల్లె. వానొస్తే పంట, రాకపోతే వలస. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. మా నాయనకు నలభై ఏళ్లు దాటకముందే మోకాళ్లు వంగిపోయి, నడుము నిటారుగా నిలిచేది కాదు. అమ్మ పొగాకు బ్యారన్ల దగ్గర ఆకు కట్టే కూలికి పోయేది. నాకు హాస్టల్లో సీటు వచ్చిందని తెలిసిన రోజు మా ఇంట్లో పండగే. ఒక కడుపుకు మూడు పూటలా తిండి దొరికింది కదా!

హాస్టల్‌కు రావాలంటే పెట్టె కావాలన్నారు. నాయన సంతలో పాత సామాన్ల దగ్గర ఒక రేకు ట్రంకు పెట్టె బేరం చేసి తెచ్చాడు. మూత మీద ఒకచోట సొట్ట. గొళ్లెం బాగానే ఉంది, తాళం మాత్రం లేదు. తాళం కొనమని నేను ఏడిస్తే నాయన నవ్వాడు. "మనకు తాళమెందుకురా? దాచిపెట్టుకునేదానికి ఏముంది మన కాడ?" అన్నాడు. గొళ్లేనికి పురికొస కట్టి, పెట్టె నెత్తిన పెట్టుకొని, ఆ వంగిన కాళ్లతోనే బస్టాండు నుంచి హాస్టల్ దాకా నడిచాడు.

మీలో కొందరికి ఇప్పుడు బీరువాలు, మంచాలు వచ్చాయని విన్నాను. మా రోజుల్లో ఒక పొడుగాటి హాలు, గోడ వెంట వరసగా పెట్టెలు, పెట్టె పక్కనే పడక. ఎవరి పెట్టె వారికి ఇల్లు. అందులోనే ప్రభుత్వం ఇచ్చిన పళ్లెం, గ్లాసు, దుప్పటి, రెండు జతల బట్టలు, ఇంటి నుంచి తెచ్చుకున్న కారప్పొడి. అందరి పెట్టెలకూ తాళాలు ఉండేవి. తాళం చెవిని మొలతాడుకు కట్టుకొని తిరిగేవాళ్లు. నా పెట్టెకు మాత్రం పురికొస. "ఒరేయ్ పురికొసా" అని పిలిచేవాళ్లు. చిన్న మాటే. కానీ పదకొండేళ్ల వాడికి అది చిన్న మాట కాదు. ఊళ్లో టీ బంకు దగ్గర మాకు వేరే గ్లాసు పెట్టినప్పుడు కలిగిన బాధ కంటే, నాలాంటి పిల్లలే నన్ను నవ్వితే కలిగిన బాధ నాకు ఎక్కువగా అనిపించింది.

1993లో నేను ఎనిమిదో తరగతి. దసరా సెలవులు దగ్గర పడ్డాయి. నా పక్క పెట్టె వాడు తొమ్మిదో తరగతి. వాళ్లన్న హైదరాబాదులో తాపీ పనికి పోతూ, ఊరికి వచ్చినప్పుడు తమ్ముడికి ఇరవై రూపాయలు ఇచ్చి వెళ్లాడు. వాడు ఆ నోటును సాంఘికశాస్త్రం నోటు పుస్తకం అట్టలో పెట్టడం చూశాను. ఒక సాయంత్రం అందరూ ఆటకు వెళ్లినప్పుడు ఆ పుస్తకం పడక మీదే ఉంది. నోటు తీసుకున్నాను. ఆకలితో తీయలేదు. నాకు ఆ రోజు కడుపు నిండుగానే ఉంది. మరుసటి రోజు సంతకు పోయి పదకొండు రూపాయలకు ఒక తాళం కొన్నాను. మిగతా డబ్బులతో జిలేబీ తిన్నాను. తాళం ఎక్కడిదని అడిగితే మా మామ ఇచ్చాడని చెప్పాను.

తమ్ముళ్లూ, ఒకసారి ఆలోచించండి. రెండేళ్లపాటు నా పెట్టెలో దాచుకోవలసింది ఏమీ లేదు కాబట్టి తాళం లేదు. తాళం వచ్చిన రోజునే దాచుకోవలసింది కూడా వచ్చింది.

రెండు రోజుల తర్వాత నోటు పోయిన సంగతి బయటపడింది. హాలంతా గోల. నన్ను ఎవరూ అనుమానించలేదు. అందరి కళ్లూ ఒకేసారి చివరి పెట్టె వైపు తిరిగాయి. ఆ పెట్టె ఆరో తరగతి పిల్లవాడిది. మన సాంఘిక సంక్షేమ హాస్టళ్లలో ఎక్కువమందిమి ఎస్సీ పిల్లలమే అయినా, కొద్దిమంది ఎస్టీ, బీసీ పిల్లలకు కూడా చోటు ఉండేది. ఆ పిల్లవాడు ఎరుకల కులం వాడు. వాళ్లమ్మ తట్టలు, బుట్టలు అల్లి అమ్మేది. వాడు ఆ సాయంత్రం మాకంటే ముందే ఆటస్థలంలో ఉన్నాడు. అది చూసినవాళ్లు కూడా ఉన్నారు. అయినా ఒక్కరూ ఆ మాట అనలేదు. పెద్ద పిల్లలు వాడి పెట్టె లాగి, తిరగేసి, నేల మీద కుమ్మరించారు. రెండు చొక్కాలు, ఒక దువ్వెన, అమ్మ అల్లి ఇచ్చిన అరచేయంత బుట్ట, అంతే ఉన్నాయి. ఎవరో ఆ బుట్టను కాలితో తొక్కారు. వాడు ఏడవలేదు. గోడకు ఆనుకొని నిలబడి చూస్తూ ఉన్నాడు. నేను కూడా చూస్తూ ఉన్నాను. నా మొలతాడుకు తాళం చెవి ఉంది.

శనివారం వాళ్లమ్మ వచ్చి పిల్లవాడిని తీసుకుపోయింది. గొడవ పడలేదు, ఎవరినీ ఒక్క మాట అనలేదు.

ఆ మూడు రాత్రులు నాకు నిద్ర లేదు. దొరికిపోతానని భయం కాదు. ఇక దొరికే ప్రసక్తే లేదు. నింద పడవలసిన చోట పడిపోయింది, అందరూ నమ్మేశారు. నిజానికి నాకు అంతకంటే క్షేమమైన రోజులు ఉండవు. అయినా పడుకుంటే ఆ తొక్కిన బుట్టే కళ్ల ముందు కనిపించేది.

ఆదివారం మాకు గుడ్డు పెట్టే రోజు. గుడ్డు కోసం వారమంతా ఎదురుచూసేవాళ్లం. ఆ రోజు నా పళ్లెంలో గుడ్డు అలాగే ఉండిపోయింది. వడ్డించే కామాటి పెద్దమ్మ వచ్చి, "గుడ్డు వొద్దనే పిల్లోణ్ని ఈ హాస్టల్లో ఇదే చూడటం. జొరమా?" అని నుదుటి మీద చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి తగిలేసరికి ఏడుపు ఆగలేదు. వంటగది వెనక కట్టెల దగ్గర కూర్చొని అంతా చెప్పేశాను. ఆమె నన్ను తిట్టలేదు, ఊరడించలేదు కూడా. కాసేపు ఊరుకొని, "నాకు చెప్తే ఏం తీరింది నాయనా? నింద పడ్డది నా మీద కాదు గదా" అంది. చదువు రాని ఆ తల్లి చెప్పిన ఆ ఒక్క మాటకు సాటి వచ్చే నీతి పాఠం నేను తర్వాత ఏ పుస్తకంలోనూ చదవలేదు.

సోమవారం ఉదయం ప్రార్థన అయిపోయాక చెయ్యెత్తాను. వార్డెన్ గారు ఏమిటని అడిగారు. ముందుకు వెళ్లి నిలబడి, "డబ్బులు నేను తీశాను సార్" అన్నాను. అంతకంటే ఒక్క మాట కూడా రాలేదు. కాళ్లు వణికాయి. తర్వాత ఏం జరిగిందో మీరు ఊహించుకోగలరు. దెబ్బలు పడ్డాయి. నాతో పళ్లెం పక్కన పళ్లెం పెట్టడానికి ఎవరూ ఒప్పుకోలేదు. పురికొస అన్న పేరు పోయి తాళం దొంగ అన్న పేరు వచ్చింది. పదో తరగతి పూర్తయ్యేదాకా ఆ పేరు నన్ను వదల్లేదు. కానీ ఆ సోమవారం రాత్రి నేను నిద్రపోయాను. దెబ్బల నొప్పి ఉంది, ఒంటరితనం ఉంది, రేపటి భయం ఉంది. అయినా గాఢంగా నిద్రపోయాను. ఆనందం అన్న మాటకు నాకు తెలిసిన మొదటి అర్థం ఆ నిద్రే.

కబురు పంపితే మరుసటి రోజు నాయన వచ్చాడు. కొడతాడనుకున్నాను. కొట్టలేదు. నా మొలతాడు నుంచి తాళం చెవి తనే విప్పాడు. తాళం, చెవి, దాంతోపాటు ఒక ఇరవై రూపాయల నోటు వార్డెన్ గారి బల్ల మీద పెట్టాడు. ఆ నోటు మా నాయనకు ఒక రోజు కూలి. "డబ్బులు ఆ పిల్లోడికి ఇయ్యండయ్యా. తాళం మా వాడికొద్దు" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఇంక పద, వాళ్లింటికి పోదాం" అన్నాడు.

నాలుగు కిలోమీటర్లు నడిచాం. నాయన ప్రతి ఫర్లాంగుకూ ఒకసారి ఆగి మోకాళ్లు పట్టుకునేవాడు. బస్సు ఉంది కదా అన్నాను. "నడువు" అన్నాడు. ఊరి చివర ఎరుకల కాలనీలో ఆ తల్లి ఇంటి ముందు కూర్చొని తట్ట అల్లుతోంది. పిల్లవాడు ఈతబర్రలు అందిస్తున్నాడు. నాయన చేతులు కట్టుకొని నిలబడి, "మా వాడు తీశాడమ్మా. మీ వాడి తప్పు లేదు" అన్నాడు. ఆమె అల్లిక ఆపకుండా, "మా పిల్లోడు తీయలేదని మాకు తెలుసు. మేం చెప్తే ఎవురూ నమ్మలా. మీరు చెప్తే నమ్ముతారు" అంది. కోపంగా అనలేదు. ఎండ కాస్తోంది అన్నట్టు మామూలుగా అంది.

కాసేపటికి లోపలికి పోయి రెండు పళ్లేలలో అన్నం పెట్టి తెచ్చింది. మా వాళ్లు ఎరుకల ఇళ్లలో తినరు. ఆ సంగతి నాకు అప్పటికే తెలుసు. మమ్మల్ని గడప బయట నిలబెట్టేవాళ్లు మా ఊళ్లో ఉన్నారు. మేము గడప బయట నిలబెట్టేవాళ్లు కూడా ఉన్నారని మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు. నేను నాయన ముఖం చూశాను. నాయన కింద కూర్చొని, చెయ్యి కడుక్కొని, పళ్లెం ముందుకు లాక్కున్నాడు. నేనూ తిన్నాను. దసరా సెలవులయ్యాక ఆ పిల్లవాడు హాస్టల్‌కు తిరిగి వచ్చాడు.

ఇక్కడితో కథ సుఖాంతం అనుకోకండి. ఆ తర్వాత హాలులో ఎవరి పెన్ను పోయినా, సబ్బు పోయినా, వాడు తన పెట్టె తనే తెరిచి హాలు మధ్యకు లాగి పెట్టేవాడు. ఎవరూ అడగకముందే తెరిచేవాడు. నేను నిజం చెప్పినందువల్ల నా బరువు దిగింది. వాడి బరువు పూర్తిగా దిగలేదు. ఆలస్యంగా చెప్పిన నిజం కొంతవరకే బాగుచేస్తుంది. ఆ మూడు రోజుల ఆలస్యానికి వాడు చెల్లించిన వెల ఏమిటో నేను కళ్లారా చూశాను.

అందరి కళ్లూ ఆ చివరి పెట్టె వైపే ఎందుకు తిరిగాయో నాకు చాలా ఏళ్ల తర్వాత, చదువుకుంటున్నప్పుడు తెలిసింది. 1871లో బ్రిటీష్ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ, అంటే మన ఆంధ్ర ప్రాంతానికీ వచ్చింది. పుట్టుకతోనే మనిషిని దొంగగా లెక్కగట్టే చట్టం అది. ఎరుకలవారి మీద కూడా ఆ ముద్ర వేశారు. హాజరు వేయించుకోవాలి, చెప్పకుండా ఊరు దాటకూడదు. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం అలాంటి వారిని ఉంచడానికి ఏర్పడిన సెటిల్‌మెంటే. దేశమంతటా ఆ చట్టం 1952లో రద్దయింది. చట్టం పోయినా చూపు పోలేదు. 1993లో ఒక హాస్టల్ హాలులో, ఆ చట్టం పేరైనా వినని పిల్లలం మేము, అదే చట్టాన్ని అమలు చేశాం.

ఆ చూపును మార్చడానికి పాటుపడినవారు కూడా ఉన్నారు. మహాకవి గుర్రం జాషువా గారి కుమార్తె హేమలతా లవణం గారు, భర్త లవణం గారితో కలిసి 1970లలో స్టువర్టుపురం వెళ్లి, అక్కడి కుటుంబాలతో కలిసిమెలిసి సంస్కరణ కోసం పనిచేశారు. అంటరానితనం చేసిన గాయాన్ని జీవితమంతా పద్యాలుగా రాసిన తండ్రికి కూతురు ఆమె. తన గాయం తెలిసినవారు ఇంకొకరి గాయాన్ని కూడా చూడగలగాలని ఆమె జీవితం నాకు చెప్పింది. నా గాయం నాకు తెలిసి కూడా నేను ఆ రోజు చూడలేకపోయాను.

ఆ సంఘటన నుంచి నాకు ఒక అలవాటు వచ్చింది. ఏదైనా చేయాలా వద్దా అని సందేహం వచ్చినప్పుడు ఒక్క ప్రశ్న వేసుకుంటాను: "నేను ఈ పని చేస్తే ఎవరి పెట్టె తెరుస్తారు?" విలువలు అని మనం పెద్ద పెద్ద మాటలు అంటాం కదా, నాకున్న విలువ ఈ ప్రశ్న ఒక్కటే.

దీనికి పరీక్ష త్వరలోనే వచ్చింది. ఉపాధ్యాయ శిక్షణ పూర్తి చేసి మొదటిసారి డీఎస్సీ రాసినప్పుడు కొద్ది మార్కుల్లో పోస్టు పోయింది. ఇంట్లో నాయన మంచం పట్టాడు. అప్పు పెరిగింది. ప్రైవేటు బడిలో నాకు ఇచ్చే జీతం నాయన మందులకే చాలేది కాదు. ఆ సమయంలో ఒక మధ్యవర్తి కలిశాడు. చెవులు వినపడవని సర్టిఫికెట్ పుట్టించి ఇస్తానన్నాడు. వికలాంగుల కోటాలో ఉద్యోగం ఖాయమన్నాడు. "చాలామంది చేస్తున్నారు, నువ్వొక్కడివే మడి కట్టుకుంటే ఎలా?" అన్నాడు. నేను గొప్పవాణ్ని కాదు. ఒక రాత్రంతా ఆలోచించాను. అయితే ఎంత ఆలోచించినా, ఎక్కడో నిజంగా చెవులు వినపడని ఒక అభ్యర్థి కనిపించసాగాడు. జాబితాలో తన పేరు లేదని చూసుకొని గోడకు ఆనుకొని నిలబడిన మనిషి. అతని ముఖం నాకు ముందే తెలిసిన ముఖంలా ఉంది. తెల్లవారి వద్దని చెప్పేశాను.

ఆ తర్వాతి రెండేళ్లు నా జీవితంలో అన్నిటికంటే కష్టమైనవి. పొద్దున బడి, సాయంత్రం ట్యూషన్లు, రాత్రి చదువు. అమ్మ మళ్లీ ఆకు కట్టడానికి పోయింది. వద్దన్న ఉద్యోగం గురించి బంధువులు ఎత్తిపొడిచారు. కానీ తమ్ముళ్లూ, నిజం చెబుతున్నాను, ఆ రెండేళ్లలో నేను బాధపడ్డాను గానీ, నలిగిపోలేదు. బాధ వేరు, నలుగుడు వేరు. బయటి కష్టం మనిషిని బాధపెడుతుంది. లోపల దాచుకున్నది మనిషిని నలిపేస్తుంది. రెండోసారి డీఎస్సీలో పోస్టు వచ్చింది. ఒకవేళ రాకపోయినా ఈ మాట ఇలాగే రాసేవాణ్ని. విలువలు పాటిస్తే ఉద్యోగం వస్తుందని నేను మీకు చెప్పను. అది అబద్ధం. పాటించినా రానివారిని నేను చూశాను. విలువలు పాటిస్తే వచ్చేది నిద్ర. మిగతావి వస్తే వస్తాయి.

ఇలా మన తప్పులు మనమే చెప్పుకుంటే చులకన అయిపోమా అని మీరు అడగవచ్చు. మనం ఏటా ఏప్రిల్ 14న పూలమాల వేసే అంబేడ్కర్ గారిని చూడండి. అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివి వచ్చి, బరోడాలో ఉద్యోగంలో చేరినప్పుడు ఆయనకు ఉండడానికి ఎక్కడా గది దొరకలేదు. పార్సీల సత్రంలో పార్సీ పేరుతో దిగవలసి వచ్చింది. కొద్ది రోజులకే సంగతి తెలిసిపోయి, కర్రలు పట్టుకొని కొందరు వచ్చి ఖాళీ చేయించారు. ఈ సంగతిని ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’ అనే చిన్న పుస్తకంలో ఆయనే రాశారు. మారుపేరుతో ఉన్నానని చెప్పుకోవడానికి సిగ్గుపడలేదు. ఆయన చేసింది తప్పు కాదు, సమాజం చేయించిన పని. నాది తప్పే. రెండూ ఒకటి కావు. కానీ జరిగినదాన్ని జరిగినట్టు చెప్పే ధైర్యం మాత్రం ఆయన దగ్గర మనం నేర్చుకోవలసిందే. ఆయన అది చెప్పినందువల్ల చులకన కాలేదు. ఆ మాట చదివి తలెత్తుకున్నవారు ఎందరో ఉన్నారు.

మన హాస్టళ్ల కోసం, వెట్టిచాకిరీ నిర్మూలన కోసం పాటుపడిన ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ గారి గురించి పాత విద్యార్థులందరికీ తెలుసు. పెళ్లి చేసుకోలేదు, ఆస్తి కూడబెట్టలేదు. తన సంపాదనలో చాలా భాగం పేద పిల్లల చదువులకే ఇచ్చారు. 2005లో పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నారు. 2010 అక్టోబరు 7న ఆయన కన్నుమూశారు. తాళం అక్కరలేని పెట్టెలాంటి జీవితం అంటే నాకు ఆయనే గుర్తొస్తారు. మనమందరం శంకరన్ గారిలా ఉండలేం. కానీ మన పెట్టెలో దాచుకోవలసినవి ఒక్కొక్కటే తగ్గించుకోగలం.

ఇప్పుడు నేను ఒక మండల పరిషత్ పాఠశాలలో పనిచేస్తున్నాను. 2012లో ఒక రోజు మా తరగతిలో ఒక పిల్లవాడి పది రూపాయలు పోయాయి. పిల్లలందరూ ఒకేసారి వెనక బెంచీ వైపు తిరిగారు. అక్కడ వలస వచ్చిన కుటుంబం పాప ఉంది. ఆ పాప అప్పటికే తన సంచీ ఒళ్లో పెట్టుకొని తెరవబోతోంది. నాకు పందొమ్మిదేళ్ల కిందటి హాలు కనిపించింది. "సంచీ ముయ్యమ్మా" అన్నాను. పాఠం ఆపి, ఈ తాళం కథ వాళ్లకు చెప్పాను. తరగతిలో చప్పుడు లేదు. పోయిన డబ్బు దొరకలేదు. నేనే పది రూపాయలు ఇచ్చాను. మరుసటి రోజు ఒక తండ్రి వచ్చి, "దొంగతనం చేశానని పిల్లలకు చెప్పుకునే పంతులు ఏం పాఠం నేర్పుతాడు?" అని గట్టిగా అడిగాడు. ఆయన అడిగిందీ సబబే అనిపించింది. కానీ ఆ రోజు ఎవరి సంచీ తెరవలేదు. నాకు అది చాలు.

నాయన 2016లో చనిపోయాడు. ఆ రేకు పెట్టె ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. నేను హాస్టల్ వదిలాక దాన్ని నాయనే వాడుకున్నాడు. కర్మకాండలు అయ్యాక తెరిచి చూశాను. రేషన్ కార్డు, పింఛను పుస్తకం, నా పదో తరగతి మార్కుల జాబితా, ఒక ఉతికిన పంచె. గొళ్లేనికి పురికొస కట్టి ఉంది. ఎన్నేళ్ల కిందటిదో, ఎన్నిసార్లు మార్చాడో తెలియదు.

తమ్ముళ్లూ, మీకు నేను చెప్పదలచుకున్నది కొంచెమే. కష్టాలు వస్తాయి. మనలాంటి ఇళ్ల నుంచి వచ్చినవాళ్లకు కొంచెం ముందుగానే వస్తాయి. వాటిని చూసి సిగ్గుపడకండి. పాత పెట్టె సిగ్గు కాదు, హాస్టల్లో చదువుకోవడం సిగ్గు కాదు, నాయన కూలికి పోవడం సిగ్గు కాదు. సిగ్గు లేనిచోట సిగ్గుపడితే, దాన్ని కప్పుకోవడానికి నిజంగా సిగ్గుపడవలసిన పని చేస్తాం. నేను చేసింది అదే. తప్పు చేసి ఉంటే త్వరగా చెప్పండి. చెప్పవలసినవారికే చెప్పండి. రేపు చెబుదాం అనుకుంటే, ఆ రేపటిలోగా ఎవరో ఒకరి పెట్టె నేల మీద కుమ్మరిస్తారు. మీ హాలులో ఏదైనా పోయినప్పుడు అందరూ ఒకే వైపు చూస్తే, మీరు మాత్రం ఆ వైపు చూడకండి. వీలైతే వెళ్లి ఆ పిల్లవాడి పక్కన నిలబడండి.

ఈ వ్యాసం పంపే ముందు ఆ మిత్రుడికి ఫోన్ చేశాను. అవును, ఇప్పుడు వాడు నా మిత్రుడే. పది పాసై ఆర్టీసీలో కండక్టర్ అయ్యాడు. ఇన్నేళ్లుగా రోజూ జనం డబ్బు లెక్కపెట్టి కడుతున్నాడు. నీ సంగతి రాయవచ్చా, పేరు రాయనులే అన్నాను. కాసేపు ఊరుకున్నాడు. వెనక బస్సు హారన్ వినిపిస్తోంది. "పేరు రాయొద్దులే అన్నా. కులం మాత్రం రాయి. అది రాయకపోతే నా పెట్టే ఎందుకు తెరిచారో పిల్లలకు అర్థం కాదు" అన్నాడు. అందుకే రాశాను.

మీ అందరికీ మంచి చదువు, మంచి నిద్ర కలగాలని కోరుకుంటూ,

మీ అన్న,
1991–96 బ్యాచ్ పూర్వ విద్యార్థి